అన్న పెట్టె

"ఆ కుర్చీ కూడా నువ్వే తీసుకో. అందులో కూర్చునేగా అన్నీ దాచింది," అన్నాడు తమ్ముడు.

అన్న కుర్చీలోంచి లేచాడు. కిటికీ పక్కన బల్ల మీద చేతులు ఆన్చి నిలబడ్డాడు. మధ్యలో కూర్చున్న మేనమామ తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, నన్ను పంపకాలకి పిలిచారా, పోట్లాటకి పిలిచారా? రెంటికీ అయితే ఒక్క కాఫీతో సరిపెడితే కుదరదు."

ఎవరూ నవ్వలేదు.

ఆ రెండు గదుల ఆఫీసు అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టింది. మెయిళ్ళు చదువుకునే ప్రోగ్రాం ఒకటి తమ్ముడు రాశాడు. దాన్ని చిన్న చిన్న కంపెనీలకు అమ్మడం అన్న పని. కొన్నవాళ్ళు ఏది రాసినా అన్నకే వస్తుంది. ఏడాదిగా వాళ్ళు ఒక్కొక్కరే జారిపోతున్నారు, చిల్లుకుండలో నీళ్ళలా. అన్నే వాళ్ళను పక్క కంపెనీకి మళ్ళిస్తున్నాడని తమ్ముడి అనుమానం. అనుమానం ముదిరి వంటింటి దాకా పాకింది.

"ఎందుకు పోయారో ఇప్పుడైనా చెప్పు, మామయ్య ముందు," అన్నాడు తమ్ముడు.

"ఎన్నిసార్లు చెప్పాలిరా? మా మెయిళ్ళు కొన్ని కనబడటం లేదని మొత్తుకున్నారు."

"ఏవి కనబడటం లేదు?"

"అది నాకేం తెలుసు? నేను అమ్మేవాణ్ణి. వాళ్ళు రాసిన మెయిళ్ళు ఉన్నవున్నట్టు నీకని ఒక అరలో పెట్టాను. నోటితో చెప్పబోతే, 'నా బుర్ర తినకు, రాసి పెట్టు' అన్నది నువ్వే."

"అన్నాను. పెట్టావా?"

"పెట్టాను. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు నీ దగ్గర్నుంచి. గోడకి చెప్పుకున్నా నయం."

"మామయ్యా, ఇలా రా. ఇదిగో నా మెయిళ్ళ పెట్టె. నువ్వే వెతుకు."

మేనమామ కళ్ళజోడు తగిలించుకుని తెర ముందు కూర్చున్నాడు. పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ వెతికాడు. చివరికి కళ్ళజోడు తీసేశాడు.

"ఇందులో ఏం లేవురా పెద్దోడా. బట్టతలలో పేలు వెతికినట్టే ఉంది."

అన్న వంగి తెరను చాలాసేపు చూశాడు. నిటారుగా లేచి తమ్ముడి వైపు తిరిగాడు.

"తుడిచేశావన్నమాట."

"తుడవడానికి వస్తేగా!"

"చదివి కూడా పొగరుకొద్దీ ఊరుకుంటున్నావనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంత పని చేస్తావనుకోలేదు. సంతకం ఎక్కడ పెట్టాలి మామయ్యా?"

"తొందరపడకండిరా. ఇది పెడితే రేపట్నుంచి ఆ ఇంట్లో రెండు పొయ్యిలు. చిన్నోడా, మీ వదిన చేతి ముద్ద తిని పెరిగినవాడివి నువ్వు."

"ఆ ముద్దల లెక్క ఆవిడ చూసుకుంటుందిలే. ముందు వాణ్ణి సంతకం పెట్టమను," అన్నాడు తమ్ముడు.

అన్న పెట్టాడు. తమ్ముడూ పెట్టాడు. అన్న మేనమామ వెనకే మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం సర్వర్ చూసుకునే అమ్మాయి వచ్చింది. మెయిళ్ళన్నీ దాచి ఉంచే ఆ యంత్రం వాళ్ళ కంపెనీలోనే ఉంటుంది.

"మీ అన్నగారు తన పెట్టె తీసెయ్యమని ఇందాకే కబురు పెట్టారండి. మీరూ ఊఁ అంటే తీసేస్తాను."

"ఊఁ. తీసెయ్."

ఆమె తన ల్యాప్‌టాప్ తెరిచింది. అందులో ఇంకెవరో రాసిన ప్రోగ్రాం ఉంది. అతని పాస్‌వర్డ్ కొట్టించింది. తెరకు ఎడమపక్క మూడు కొమ్మలు విచ్చుకున్నాయి. ఒకటి సొంతానిది, ఒకటి ఉమ్మడిది, మూడోది ఇతరులది. మూడోదాని కింద అన్న పేరుంది.

"ఇదేంటి, వాడి పెట్టె నా దగ్గర తేలింది?"

"మీరు చదువుకోవచ్చని మీ అన్నగారు అనుమతి ఇచ్చారు కదండీ. అందుకని చూపిస్తోంది."

"నా ప్రోగ్రాంలో లేదే!"

"మీది అడగదేమోనండి," అంది నెమ్మదిగా. "సొంత పెట్టెలు ఒక పేరు కింద ఉంటాయి, మనల్ని రానిచ్చినవాళ్ళవి ఇంకో పేరు కింద, ఉమ్మడివి మరో పేరు కింద. ఏవి ఎక్కడున్నాయో ముందు సర్వర్నే అడగాలి. కొన్ని ప్రోగ్రాములు అడగవు. సొంత గది ఒక్కటే చూపించి, ఇల్లంతా ఇంతే అంటాయి."

"అదంతా వందమంది ఉన్న ఆఫీసుల గొడవ. అక్కర్లేదని నేనే వదిలేశాను," అన్నాడు విసురుగా.

అంతలోనే అతనికి నవ్వొచ్చింది. సంగతి బోధపడింది. పొద్దున మామయ్య ముందు అన్న అబద్ధం బయటపడింది కదా, ఇప్పుడు పెద్దమనిషిలా తలుపులు బార్లా తెరిచాడన్నమాట! దొంగ దొరికాక తాళంచెవి చేతికిచ్చినట్టుంది.

"పోనీ ఒకసారి చూడండి. 'తమ్ముడికి' అని ఒక అర నిండా ఉన్నాయి."

"ఇంటికెళ్ళి కూర్చుని నింపుంటాడు. తీసెయ్యమ్మా."

"తీస్తే మళ్ళీ రావండి."

"అన్నే వద్దనుకున్నాను, వాడి మెయిళ్ళు నాకెందుకు?"

ఆమె నొక్కింది. అన్న పేరు పోయింది. కాసేపటికి మూడో కొమ్మ కూడా మాయమైంది. అతనికి పీడ విరగడైనట్టయింది. ఆ ఊపులోనే మేనమామకు ఫోన్ కలిపాడు.

"మామయ్యా, ఒక్క నిమిషం లైన్లో ఉండు. నీ పెద్దోడి నాటకం వింటావుగానీ," అని ఆమె వైపు తిరిగాడు. "ఆ అనుమతి ఇవాళ ఎన్ని గంటలకిచ్చాడో చూసి గట్టిగా చెప్పమ్మా. మా మామయ్యకి వినపడాలి."

ఆమె తమ కంపెనీ లెక్కల్లోకి వెళ్ళి చూసింది. నమ్మకం చాలక ఇంకోసారి చూసింది.

"ఇవాళ కాదండీ, మీ ఆఫీసు తెరిచిన రోజే ఇచ్చారు."