కోతిదొర అభిమాని

“ఈ కవరు నేనే ఇచ్చొస్తా,” అంది హీనా.

తౌసిఫ్ గీస్తున్న బొమ్మ మీంచి తలెత్తాడు. “మైపాడుకా? పోస్టులో పోతుందిలే.”

“చేపలు తెచ్చుకోవాల. అట్నే ఇచ్చొస్తా.”

చేపలు ఒట్టి వంక. తౌసిఫ్ నెలనెలా గీసే బొమ్మల కథలో నాయకుడు కోతిదొర. సగం మనిషి, సగం కోతి. పుస్తకం అచ్చయి రాగానే మొదటి కాపీ మైపాడులో కౌసర్ అనే అమ్మాయికి వెళ్తుంది. రెండోది హీనాకు. కట్టుకున్నదానికి రెండో కాపీ! హీనాకు ఒళ్ళు మండిపోతోంది.

ఆ అమ్మాయి ఉత్తరాలు మొగుడు లేనప్పుడు తీసి చదివింది. ‘కోతిదొరను చూశాక అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను’ అని ఉంది ఒకదాంట్లో. ‘పెళ్లిచూపులకు వచ్చినవాళ్ళు నన్ను చూసి నోట మాట రాక కూర్చున్నారు. అమ్మ అప్పట్నించీ నన్ను గడప దాటనివ్వదు’ అని ఇంకోదాంట్లో. మరీ అంత అందగత్తా! హీనా ఆ పూట తన చామనచాయ ముఖాన్ని తానే తిట్టుకుంది.

పైగా మొన్న తౌసిఫే అన్నాడు, ఆ ఉత్తరాలు రాకపోయుంటే కోతిదొరను ఎప్పుడో ఆపేసుండేవాణ్ణని. ఆ మాటతో ఆమెకు రెండు రోజులు అన్నం సయించలేదు. మొగుడు తనవాడో కాదో ఈ రోజు తేలిపోవాలి.

నెల్లూరులో ఆటో ఎక్కి, మైపాడులో దిగి అడిగితే ఇల్లు చూపించారు. కౌసర్ తల్లి చాంద్‌బీ తలుపు తీసింది.

“తౌసిఫ్ గారి భార్యను. కౌసర్‌ను చూడాల.”

“కవరు నాకిచ్చి పో తల్లీ. అది ఎవురికీ కనపడదు.”

“నాక్కూడానా? నేనూ ఆడదాన్నే గదా!”

“రానీ అమ్మా,” అంది లోపలి గదిలోంచి ఒక గొంతు. గొంతు కూడా బాగుంది. హీనాకు అదీ నచ్చలేదు.

మంచం మీద కూర్చున్న అమ్మాయి ఇంట్లో కూడా ముసుగు వేసుకుంది. పెద్ద పెద్ద కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. సాటి ఆడదాని ముందు ముసుగేమిటి, ఎంత పొగరు అనుకుంది హీనా.

కౌసర్ ఆత్రంగా కవరు అందుకుంది. “కోతిదొరకు జోడీని గీస్తానన్నాడు అన్న. గీసినాడా భాభీ?”

“నిన్ను చూసే గీస్తా ఉండాడేమో!”

“నన్నా? అన్న నన్ను చూడనే లేదే.”

“అబద్ధాలు చెప్పబాక! ఆ ముసుగు తియ్యి. నా మొగుడు ఏ అందానికి పడిపోయినాడో నేనూ చూస్తా.”

చాంద్‌బీ గాభరాగా అడ్డం వచ్చింది. “వద్దు తల్లీ, నీకు దండం పెడతా.”

“ఉండమ్మా.” కౌసర్ కాసేపు హీనానే చూసింది. ఆ చూపులో కోపం లేదు. “అరవబాక భాభీ. జనం పోగవుతారు.”

“నేనెందుకు అరుస్తా? తియ్యి.”

కౌసర్ ముసుగు తీసింది.

ముఖమంతా వెంట్రుకలే.