ఆకు మీద బొటనవేలు

ఆకుల మీద పెచ్చులా పెరిగే లైకెన్లకు జాతి తేల్చడం నా పని. మా ల్యాబ్ పెద్ద సారు కొండమీది నుంచి కోసుకొచ్చిన లేతాకు మీది లైకెన్ డీఎన్ఏ ఫలితం సాయంత్రం వచ్చింది. మామూలు జాతే. దాని మీద చుక్కలే తప్ప గీతలు ఉండవు. కానీ నా మైక్రోస్కోపు కింద నల్లటి గీతలు సుడి తిరిగి కనిపిస్తున్నాయి, అచ్చం వేలిముద్రలా. దాని మధ్యలో అడ్డంగా ఒక గాటు.

చిన్నప్పుడు మా తమ్ముడు బ్లేడుతో బొటనవేలు అలాగే కోసుకున్నాడు. మూడేళ్ల కిందట సారు వెంట అదే కొండ అడవికి వెళ్లి, మళ్లీ రాలేదు. "కిందే వాగులో కొట్టుకుపోయాడమ్మా, కొండ ఎక్కనేలేదు" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది ఈ సారే.

చీకటి ల్యాబ్‌లో ఫ్రిజ్ మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా వెనక ఎవరో ఊపిరి పీల్చారు. తిరిగి చూస్తే సారు.

"వాడు కొండ ఎక్కాడు కదూ సార్?"

ఆయన మైక్రోస్కోపు మీదికి వంగారు.

"నీకూ కనిపిస్తోందా? నా కళ్లకే అనుకున్నానమ్మా." గొంతు తగ్గించారు. "ఒక్క ఆకే కోసుకొచ్చాను. ఆ చెట్టు నిండా వాడి వేలిముద్రలే."