ఈల వేసే కుళాయి

"ఏవండీ! కుళాయి ఈల వేస్తోంది!"

వంటగదిలోంచి వచ్చిన ఆ కేకకు చలపతి నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు. హైమావతి సింకు ముందు నిలబడి, దొంగ చెయ్యి పట్టుకున్నట్టు కుళాయిని పట్టుకుని ఉంది.

"ఈలేనా? నిజంగా ఈలేనా?" నురగ మింగినంత పని చేసి అడిగాడు.

"సగం తిప్పితే ఈల. పూర్తిగా తిప్పితే ఏనుగు ఘీంకారం. కట్టేస్తే గోడలో ఎవరో ధన్‌మని గుద్దుతున్నారు."

"గుద్దడం కూడానా!" లాటరీ తగిలినవాడిలా చలపతి ముఖం విప్పారింది.

"నవ్వుతారేం? నిన్న వాషింగ్ మెషీన్ నీళ్లు ఆపినప్పుడల్లా ఉలిక్కిపడి చచ్చాను. ఇదేం కొంపండీ బాబూ!"

జర్మనీలో, ఇంగోల్‌స్టాట్ ఊళ్లోని ఆ అద్దె ఇంట్లో వాళ్లు ఏళ్లుగా ఉంటున్నారు. అతను కార్ల కంపెనీలో సీట్ల ఇంజినీరు. ఆమె ఇంట్లోనే కూర్చుని ఒక సంస్థకు ప్రోగ్రాములు రాస్తుంది.

చలపతి కింద అంతస్తులో ఉండే హౌస్‌మైస్టర్‌ని పిలుచుకొచ్చాడు. బిల్డింగ్ బాగోగులు చూసే ఆ పెద్దాయన పేరు లాంగర్. చెప్పులీడ్చుకుంటూ వచ్చి, కుళాయి తిప్పి కట్టాడు. గోడ ధన్‌మంది.

"ఇది మామూలే, హెర్ చలపతి. మీరు చేరిన రోజు నుంచీ ఇంతే. బాగు చేయించమంటారా అని నేను అడిగాను కూడా. మా ఇంట్లో ఇబ్బంది లేదు, వదిలేయండి అన్నది మీరే."

హైమావతి మొగుడి వైపు గుడ్లురిమింది. "మరి మీ చెవులేమయ్యాయండీ? ఇన్నాళ్లూ ఈ మోతలో ఎలా ఉన్నారు?"

"అలవాటైపోయింది హైమా."

ప్లంబరు రావాలంటే ముందే టెర్మిన్ తీసుకోవాలని, ఆ అపాయింట్‌మెంటు వచ్చే నెలకు గానీ దొరకదని చెప్పి లాంగర్ వెళ్లిపోయాడు. హైమావతి కుర్చీలో కూలబడింది. పక్కింట్లో ఎవరో ఫ్లష్ చేసినట్టున్నారు, గోడలో ఏదో గొణిగింది. ఆమె కళ్లు మూసుకుంది.

"నా వల్ల కావట్లేదండీ. ఇలాగైతే నాకు ఆ పాత బతుకే హాయి."

చలపతి నవ్వు టక్కున ఆగిపోయింది. పొద్దుట్నుంచి ఆమె ఎన్ని అన్నా మురిసిపోయినవాడు, ఈ ఒక్క మాటకు భయపడ్డాడు. ఎప్పటి అలవాటు ప్రకారం ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, ముఖంలోకి చూస్తూ మాట్లాడాడు.

"ఆ మాట మాత్రం అనకు. సాయంత్రంలోగా ఈ ఇంట్లో ఏ గొట్టమైనా నోరెత్తితే నన్నడుగు."

ఆ రోజు శనివారం. ఆ దేశంలో ఆదివారం చప్పుడు చేయకూడదు; మర్నాడు సుత్తి ముట్టుకుంటే ఇరుగుపొరుగువాళ్లు ఊరుకోరు. ఏం చేసినా ఇవాళే చేయాలి.

ముందు కుళాయి మూతి విప్పాడు. లోపలి జల్లెడ సున్నం పట్టి తెల్లగా గట్టిపడింది. వెనిగర్‌లో వేస్తే సోడాలా పొంగింది. కడిగి బిగించాడు. ఈల చచ్చింది. సింకు కింద వాల్వు సగమే తెరిచి ఉంది. నీళ్లు ఆ సందులోంచి ఇరుక్కుంటూ వస్తున్నాయి. పూర్తిగా తిప్పాడు. ఏనుగు పారిపోయింది.

మిగిలింది గోడలో గుద్దులు.

"ఎక్కణ్ణుంచి వస్తోంది?"

హైమావతి నాలుగు వైపులా తిరిగింది. "వస్తోంది. ఎటునుంచో మాత్రం తెలీడం లేదు. మీరు తిప్పుతూ ఉండండి."

అతను కుళాయి తిప్పడం, కట్టడం. ఆమె అరచెయ్యి గోడకు ఆనించి మెల్లగా జరగడం. బాత్రూము దాకా వెళ్లి ఆగింది.

"ఇక్కడ!"

అక్కడి చెక్క పలక విప్పితే, గొట్టాన్ని గోడకు పట్టి ఉంచే బిగింపు ఊడి వేలాడుతోంది. నీళ్లు ఆగినప్పుడల్లా గొట్టం ఎగిరి గోడను తంతోంది.

"భలే పట్టావే!"

"నా చేతికి తెలియని గోడ ఉందా ఈ ఇంట్లో?"

చలపతి సైకిలెక్కి, ఇంటి మరమ్మతు సామాన్లమ్మే బౌమార్క్ట్‌కి వెళ్లి, రబ్బరు పొదిగిన బిగింపులు తెచ్చాడు. మెట్లెక్కుతూ గొంతెత్తి పాడాడు.

"ఆపండి బాబూ, అపశ్రుతి!" తలుపు తీస్తూ అంది హైమావతి.

"అపశ్రుతా? కచ్చితంగానా?"

"కచ్చితంగా!"

ఆనందం పట్టలేక ఇంకో పాట అందుకున్నాడు.

పలక వెనక తల దూర్చి మరలు బిగిస్తూ పిలిచాడు. "హైమా!"

"ఆఁ!" వంటింట్లోంచి జవాబు.

"ఏం లేదు."

కాసేపాగి మళ్లీ, "హైమా!"

"ఏంటండీ!"

"ఊరికే."

"ఇంకోసారి ఊరికే పిలిచారంటే రెంచి పుచ్చుకుని వస్తా!"

పకపకా నవ్వబోయి చలపతి తల గొట్టానికి కొట్టుకున్నాడు. ఆ చప్పుడుకి ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ చెరో గదిలో, ఆపుకోలేక నవ్వారు.

సాయంత్రం పరీక్ష. కుళాయి తిప్పారు, కట్టారు. గోడ పలకలేదు. మెషీన్ వేశారు. అదీ బుద్ధిగా ఉంది. హైమావతి స్టీలు గిన్నె పెట్టి, కుళాయిని కొంచెమే తెరిచింది. సన్నటి ధార. మొదట టంగుమని, గిన్నె నిండేకొద్దీ మెత్తబడుతూ. ఆమె వంగి అలాగే ఉండిపోయింది.

"దీన్ని బాగు చెయ్యకండి," అంది. "ఇది ఉండనివ్వండి."

చలపతి ఆమె పక్కన చేరి, తడి చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

జుట్టు కింద, చెవి వెనక అమర్చిన యంత్రంతో మళ్లీ వినడం నేర్పి డాక్టర్లు ఆమెను ఇంటికి పంపింది ఆ వారంలోనే. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ఇన్నేళ్లలో కుళాయి ఈలే కాదు, మొగుడి గొంతు కూడా హైమావతికి ఒక్కసారీ వినిపించలేదు.