మూడు గిన్నెల పందెం

పందెం మొదలైన రోజు మల్లికార్జునం చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఎనిమిదేళ్ల నాటుకుక్క ఒకటి, యాభై ఏళ్ల వేరుశనగ వ్యాపారంలో అరిగి పదునెక్కిన బుద్ధి, మధ్యాహ్నం భోంచేశాక బోలెడంత తీరిక. అవతలి పక్షం గట్టిదే. స్నేహితుడు వెంగయ్య తన జర్మన్ షెపర్డ్‌తో పాటు, మేడమీద అద్దెకుండే నిరోషమ్మ లాబ్రడార్ గొలుసు కూడా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

వరండాలో కోడలు అనుపమ మూడు స్టీలు గిన్నెలు బోర్లించింది.

ఆత్మకూరులో ఇంటిని ఆనుకుని ఉన్న గోడౌనుకు కాపలాగా షెపర్డ్ పిల్లను తెస్తానని కొడుకు ప్రశాంత్ వారం రోజులుగా అంటున్నాడు. అది వస్తే నాటుకుక్క కర్రోడు కొండాపురం తోటకు పోవాల్సిందే. తెలివైన జాతుల జాబితా ఒకటి ఫోనులో చూపించాడు కూడా. షెపర్డ్ మూడోది, లాబ్రడార్ ఏడోది. కర్రోడి జాతికి అందులో చోటే లేదు. ఆ రోజు నుంచి మల్లికార్జునానికి ముద్ద దిగలేదు. అది చూసి అనుపమే ఈ పందెం పెట్టింది. పదిరోజులు ఆడాలి. కర్రోడు గెలిస్తే ఇంట్లోనే ఉంటాడు.

ఆట తేలికే. కుక్కలన్నీ చూస్తుండగా ఆమె ఒక గిన్నె కింద రస్కు ముక్క పెడుతుంది. వాసనతో పట్టెయ్యకుండా మూడు గిన్నెలకూ ముందే రస్కు పొడి రాస్తుంది. పావుగంట ఆగి ఒక్కొక్క కుక్కనే వదులుతారు. ఏ గిన్నె దగ్గర కూర్చుంటే అదే దాని జవాబు. మూడూ అయ్యాక, రస్కు దేని కింద ఉందో మల్లికార్జునం చెప్పాలి.

“గిన్నె ఎత్తి చూస్తే పోలా అమ్మా?” అని అడిగాడాయన.

“ఎత్తితే కుక్కలు కిటుకు నేర్చుకుంటాయి మామయ్యా. మీ మాటే తీర్పు. రాసుకోకూడదు, మనసులోనే ఉండాలి.”

ఆ మాట ఆయనకు నచ్చింది. ఒకప్పుడు పద్నాలుగు మంది రైతుల బస్తాల తూకాలు కాగితం లేకుండా అప్పజెప్పిన మనిషి మరి.

ఆ పావుగంట ఆయనకు ఎటో తేలిపోయినట్టుండేది. వేపచెట్టు నీడ గిన్నెల మీద నీళ్లలా కదిలేది. కళ్లు సగం మూతపడేవి. ఉదయగిరి కొండ మీదికి మంచు ఎక్కుతూ కనిపించేది. కింద నాయన అంగడి, అంగడి పక్కన చెక్క గరిటెలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు. అక్కడి బస్టాండులోనే ఒక చలిపొద్దున కర్రోడు ఆయన కాళ్లకు చుట్టుకున్నాడు. అప్పటికి గుప్పెడంత పిల్ల. పంచెలో పెట్టుకుని బస్సెక్కాడు. లేక ఆ పిల్ల అంతకు ముందెప్పుడో నాయన పెంచిన కుక్కా? ఎండలో అన్నీ ఒకే రంగులో మెరిసేవి. ఆ మెరుపు హాయిగా ఉండేది.

“మామయ్యా, వదిలేదా?”

షెపర్డ్ దూకుడుగా పోయి కూర్చునేది. లాబ్రడార్ మూడింటినీ నాకి, తోకాడిస్తూ ఒకచోట చతికిలపడేది. కర్రోడు ఆఖరున రావాలని మల్లికార్జునమే పట్టుబట్టాడు. యాభై ఏళ్లలో ఏ బేరంలోనూ ఆయన ముందుగా ధర చెప్పి ఎరగడు. ఎదుటివాడు నోరు విప్పేదాకా ఓపిక పట్టడంలోనే ఉంది గెలుపంతా. ఇక్కడా అంతే. కర్రోడు ఒక గిన్నె దగ్గర కూర్చున్నాకే గొంతు సవరించుకునేవాడు.

“నడిమిది,” అనేవాడు. ఇంకోరోజు, “కుడి పక్కది.”

తన సరుకును తానే తక్కువ చేసుకునే వ్యాపారి ఎక్కడుంటాడు?

మూడోరోజు వెంగయ్య ఊరుకోలేకపోయాడు. “ఏందిరా ఈ అన్నాయం? ఎడమదాని కింద పెట్టింది. నా కళ్లతో నేను చూసినాను.”

“నీ కళ్లజోడు మార్చాలరా. ఓడిపోతా ఉండావని అరవబాక.”

వెంగయ్య అనుపమ వైపు తిరిగాడు. ఆమె మామగారి మాటే తీర్పని చెప్పి తల దించుకుంది. వెంగయ్య స్నేహితుణ్ణి చాలాసేపు చూశాడు. తర్వాత షెపర్డ్ మెడ నిమురుతూ, “సరేలేరా, నువ్వు చెప్పిందే,” అన్నాడు.

ఆనాటి నుంచి అతను మళ్లీ వాదించలేదు. పైగా పోయేముందు ఊరికే వచ్చి పక్కన కూర్చుని, చిన్నప్పటి ఉదయగిరి కబుర్లు అడిగేవాడు. అవన్నీ మల్లికార్జునం గడగడా చెప్పేవాడు. బేరంలో ఓడినవాడు ఇలాగే మెత్తబడతాడని ఆయనకు తెలుసు.

పదోరోజు సాయంత్రం ఆయన మంచం మీద కూర్చుని వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. షెపర్డ్‌కు నాలుగు, లాబ్రడార్‌కు మూడు, కర్రోడికి పదికి పది. ప్రశాంత్ కూడా చిత్రంగా ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తండ్రి భుజం మీద చెయ్యేసి, “కర్రోడు యాడికీ పోడులే నాయనా. నీతోనే ఉంటాడు,” అన్నాడు.

కుక్క వచ్చి ఆయన పాదాల మీద గడ్డం ఆనించింది. వెచ్చగా ఉంది. వేపచెట్టు మీద వెలుతురు పల్చబడుతోంది. దూరంగా ఉదయగిరి బస్సు హారను ఊళ్లోంచి సాగి సాగి వినిపించింది. పెట్టుబడి పావుగంట చొప్పున పదిరోజుల తీరిక. నష్టం సున్నా. లాభం ఒక ప్రాణం. ఇంత శుభ్రమైన వ్యాపారం తానెప్పుడూ చేయలేదనుకుని ఆయన కళ్లు మూసుకున్నాడు.

లోపల అనుపమ ఫోనులో నెమ్మదిగా అంటోంది: “పదిరోజుల్లో మామయ్యకు గిన్నె గుర్తుండింది రెండ్రోజులే, డాక్టరుగారూ.”