ఎర్రదీవిలో పులస

"వదినా, ఈ ఎర్రదీవి తీసేస్తున్నాను. ఇది పోతేగానీ కొత్త ఆటకి చోటు లేదు," అన్నాడు ఎబినేజర్, ప్రసన్నకుమారి ఫోను చేతిలో పట్టుకుని.

"వద్దు!" ప్రసన్న ఒళ్లో ఉన్న చిక్కుడుకాయల పళ్లెం జారి కిందపడబోయింది.

ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి, భోజనాలు కానిచ్చి, మామిడికుదురులోని ఆ ఇంటి వరండాలో కూర్చున్నారు ప్రసన్న, ఆమె మరిది ఎబినేజర్, అతని స్నేహితుడు శివనాగరాజు. సాయంత్రం అమలాపురంలో ఫోన్ ఆటల పోటీ ఉంది. ఆడాల్సింది ఉక్కుకోట అనే కొత్త ఆట. ఎబినేజర్ ఫోనేమో నిన్ననే కాలవలో మునక వేసింది. ఇంట్లో మిగిలిన మంచి ఫోను వదినదే.

"ఫొటోలు తీసెయ్యి. పాటలు తీసెయ్యి. దాని జోలికి మాత్రం వెళ్లకు."

"అవన్నీ తీసినా చాలదు వదినా. చూసేను."

"అసలు ఆ ఆటలో ఏముందండీ వదిన గారూ?" అంటూ శివనాగరాజు అందుకున్నాడు. ఆటల గురించి మాట్లాడమంటే అన్నం కూడా మానేసే రకం అతను. "ఉక్కుకోట చూసేరా మీరు? వాన పడితే గోడల మీంచి నీళ్లు జారతాయండి! తుపాకీ పేలితే చేతిలో ఫోను అదురుతుందండి! ఎర్రదీవిలో ఏముందండీ, చెట్లన్నీ అట్టముక్కలు. కొబ్బరి చెట్టుని అలా గీస్తే మనూళ్లో ఒకటో తరగతి పిల్లాడిక్కూడా సున్నా వేస్తారు."

"చెట్లు ఎలా ఉంటే ఏంటండీ?"

"పోనీ ఆడేవాళ్లున్నారా అంటే, అందరూ ఎప్పుడో మానేసేరు. దీవంతా ఖాళీ."

"ఖాళీగా ఉంటేనే బాగుంటుందండి," అంది ప్రసన్న.

మగవాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. యుద్ధం ఆటని ఖాళీగా ఉందని మెచ్చుకున్న మనిషిని వాళ్లు ఎక్కడా చూడలేదు.

"నీ ఆట లెక్క తీసి చూసేను వదినా," అన్నాడు ఎబినేజర్. "రోజూ ఆడతావు. ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి కాల్చలేదు. నది ఒడ్డున పాకలో దూరి కూర్చోవడమే! అదీ ఒక ఆటేనా?"

"నాకు నెమ్మదిగా ఉంటుంది. పోనీలే అని వదిలెయ్యొచ్చు కదా!" ప్రసన్న పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒక ఆట కోసం ఏడవడమేంటని తనకే సిగ్గేసి, తల వంచుకుని చిక్కుడుకాయ ఈనెలు తీయసాగింది.

ఈ గోలకి ప్రసన్న అత్తగారు రాహేలు లోపలినుంచి వచ్చింది. సంగతి విని, "తీసెయ్యరా నాయనా, నీకు పుణ్యముంటుంది!" అంది. "చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుందంటే ఇల్లు తగలబడినా వినపడదు దీనికి. పొద్దున మస్కట్ నుంచి మీ అన్నయ్య ఫోను చేసేడా? స్పీకరు పెట్టుకుని ఇంటిల్లిపాదీ మాట్లాడేం. పక్కింటి సత్తియ్య గారు కూడా వచ్చి పలకరించేరు. దీని వంతు వచ్చేసరికి 'బాగున్నారా, ఉంటానండీ' అని పెట్టేసింది! మొగుడి కంటే ఈ ఆటే ఎక్కువైపోయింది."

"అంతమంది వింటుంటే నాకు మాటలు రావండీ అత్తయ్యా," అని గొణిగింది ప్రసన్న.

ఎబినేజర్‌కి వదినంటే ప్రాణమే. పోటీ అంటే కూడా ప్రాణమే. అందుకని మధ్యేమార్గం ఆలోచించాడు.

"సరే వదినా, నీ మాట ఎందుకు కాదనాలి? ఇప్పుడే నీ పేరు మీద ఒక్క ఆట ఆడతాను. నిజంగా బాగుందనిపిస్తే ఉంచేస్తాను. సాయంత్రం పోటీకి కూడా వెళ్లను. బాలేదో, తీసేస్తాను. సరేనా?"

"ఇప్పుడొద్దు. కాసేపాగి ఆడు."

"ఇప్పుడైతే ఏం?"

ప్రసన్న గోడ గడియారం వైపు చూసింది. ఎబినేజర్ చెవి వైర్లు పీకి పక్కన పడేసి ఆట తెరిచాడు. నది హోరు వరండా అంతా వినిపించింది.

"ఇదో నది! మన పంటకాలవ నయం," అన్నాడు శివనాగరాజు వంగి చూస్తూ.

పాక దగ్గర ఎవరూ లేరు. ఎబినేజర్ ఆవులించాడు. సరిగ్గా అప్పుడే అవతలి గట్టు మీద ఒకడు కనిపించాడు. తలపైన పేరు కూడా ఉంది: పులస.

"పులసంట! ఎవడో మన గోదావరోడేరా!" శివనాగరాజుకి హుషారొచ్చింది. "నదికి ఎదురీది ఇటే వస్తున్నాడు. కాల్చు, కాల్చు!"

"కాల్చకు ఎబినేజరూ! నీకు దణ్ణం పెడతాను, ఫోనిలా ఇచ్చెయ్యి!" ప్రసన్న చిక్కుడుకాయలన్నీ నేలపాలు చేసి లేచింది.

"ఉండు వదినా, నీ లెక్కలో మొదటివాడు వీడే."

పులస పాకలోకి వచ్చాడు. తుపాకీ పక్కన పడేసి, ఎదురుగా చతికిలబడ్డాడు.

"వీడికి మతి పోయిందేంట్రా, శత్రువు ముందు కూర్చున్నాడు!" అన్నాడు ఎబినేజర్ గురి చూస్తూ.

"ఆగాగు. దీంట్లో దగ్గరికొస్తే అవతలోడి మాట వినిపిస్తుంది. ఏదో అనబోతున్నాడు, విందాం," అన్నాడు శివనాగరాజు.

ఏమంటాడోనని రాహేలు కూడా కొడుకు భుజం మీంచి ఫోనులోకి తొంగిచూసింది. స్పీకరు గరగరమంది. ఆ ఇంట్లో అందరికీ బాగా తెలిసిన గొంతు, ఎప్పుడూ విననంత మెత్తగా, మెల్లగా అడిగింది:

"ప్రసన్నా, అమ్మ పక్కన లేదు కదా?"