గొర్రెతోలు డాలు

డాలు చేసేవాడు చెక్క మీద ఎద్దుతోలే కప్పాలని రాజుగారి శాసనం. టిల్‌బర్ట్‌కి అమ్మిన డాలుకి నేను కప్పింది గొర్రెతోలు. రంగు వేశాక నాకే తేడా తెలియలేదు.

దోపిడీకొచ్చే డేనుల ఓడలు ఏట్లోకి వచ్చాయని కబురు రాగానే ఊళ్ళో మగవాళ్ళమంతా రేవు దగ్గర డాలుకి డాలు ఆనించి వరుస కట్టాం. అలా నిలబడితే ఎవడి డాలైనా వాడిలో సగాన్నీ, ఎడమపక్కవాడిలో సగాన్నీ కాస్తుంది. నాకు ఎడమపక్క మా బావమరిది. కుడిపక్కకి టిల్‌బర్ట్ ఇద్దర్ని తోసుకుంటూ మరీ వచ్చి నిలబడ్డాడు.

"చచ్చినా బతికినా నీ పక్కనేరా, ఒస్‌గర్!" అన్నాడు.

అంటే నాలో సగాన్ని కాసేది ఆ గొర్రెతోలే.

"టిల్‌బర్టూ, నా డాలు తీసుకోరా," అన్నాను.

"ఎందుకూ? ఇదీ నువ్వు చేసిందేగా!"

"నీది బరువుగా ఉన్నట్టుంది."

"బరువా? ఈకలా ఉంటేను!"

డేనుల కేకలు దగ్గరయ్యాయి.

"గొర్రెతోలురా అది! బుద్ధి గడ్డి తిని చేశాను. నాది ఎద్దుతోలు. నీ కాళ్ళు పట్టుకుంటా, తీసుకో!" అన్నాను వాడి చెవిలో.

వాడు తాపీగా డాళ్ళు మార్చుకున్నాడు.

"మొదటి వానకే గొర్రెకంపు కొట్టిందిరా. మరి నీ పక్కకి ఊరికే వచ్చాననుకున్నావా?"

బతికాను అనుకుని గొర్రెతోలు డాలు ఎత్తి పట్టుకున్నాను. మా బావమరిది నా ఎడమభుజానికి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"నాకేం భయం లేదు బావా. నన్ను కాసేది నీ డాలేగా!"