చిట్టి విమానానికి వీడ్కోలు

చిట్టి విమానం రెక్కలను నా పాత నేతచీరలో చుట్టి సంచిలో సర్దాను. మనవరాలు శ్రీవల్లి ఈ అరబ్బు దేశంలో, అల్ కుసైస్‌లోని తన షెడ్డులో దాన్ని ఏడాదిపాటు తయారుచేసింది. ఆ రోజే ఎడారిలో సైన్యం పరీక్ష. నెగ్గకపోతే షెడ్డు మూతే.

“క్షేమంగా వెళ్లి రా తల్లీ,” అంటూ దాని ముక్కుకు బొట్టు పెట్టాను.

“అయ్యో అమ్మమ్మా, అలా దీవించకు! సైనికులు గురి నేర్చుకోడానికే ఇది. తిన్నగా ఎగిరి, ఫిరంగి దెబ్బకు కూలితేనే మాకు ఆర్డరు.”

“అయితే రానే అక్కర్లేదా?”

“వచ్చిందంటే మేం ఖలాస్!”

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఎవరిని సాగనంపినా తిరిగొచ్చేదాకా ముద్ద దిగని నేను, గుమ్మంలో నిలబడి హాయిగా చెయ్యూపాను.

“వెళ్లవే! మళ్లీ రాకు!”

సాయంత్రం శ్రీవల్లి గెంతుతూ ఇంటికొచ్చింది. 2006 మార్చిలో వెళ్లిన ఆ విమానం మళ్లీ రాలేదు.